ఆ పాట ఏ పార్టీది?

అమెరికాలో కూతురో కొడుకో స్థిరపడిన ఇళ్ళు ఇవాళ మన ప్రతి వీధిలోనూ ఉన్నాయి. పురుళ్ళు పొయ్యడానికో, మనవలను చూసుకోవడానికో టెక్సాసు వైపు వెళ్ళివచ్చిన అమ్మలు ఒక మాట చెబుతూంటారు. కారెక్కితే చాలు, రేడియోలో గిటారూ ఫిడేలూ కలిసిన ఒక రకం పాట వస్తుందనీ, మాటలు సగం అర్థం కాకపోయినా ఆ గొంతులో ఏదో ఇంటి బెంగ ఉన్నట్టు తోస్తుందనీ. దాన్నే అక్కడ కంట్రీ సంగీతం అంటారు. పల్లెపట్టు పాట అనుకోండి.

ఆ పాటల సంగతి అక్కడివాళ్ళను అడిగి చూడండి. "అవా? రిపబ్లికన్ పార్టీ వాళ్ళ పాటలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. జెండా, సైన్యం, దేవుడు, పొలం, లారీ, అన్నిటినీ ఒకే మూట కట్టి ఒక పార్టీ గుమ్మంలో పెట్టేశారన్నమాట.

నిజంగా అంతేనా? నూరేళ్ళ కథ తిరగేస్తే అలా కనిపించదు. అదే పాట విన్న తాత ఒక పార్టీకి ఓటు వేశాడు, మనవడు రెండో పార్టీకి వేశాడు. పాట ఉన్నచోటే ఉంది, మధ్యనున్న గీతే జరుగుతూ వచ్చింది. ఆ గీత ఎలా జరిగిందో, జరిగినప్పుడల్లా పాడే ఆడవాళ్ళ మీద ఏం వచ్చి పడిందో ఈవేళ చెప్పుకుందాం.

ఈ సంగీతం రేడియో ఒళ్ళో పెరిగిన బిడ్డ. 1925 నవంబరు 28న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో డబ్ల్యు.ఎస్.ఎం. అనే రేడియో స్టేషను శనివారం రాత్రి పల్లె వాద్యాల కచేరీ ఒకటి మొదలుపెట్టింది. ఆ స్టేషను ఒక బీమా కంపెనీది. లక్షలాదిమందికి మేమే రక్ష అన్న కంపెనీ నినాదంలోని తొలి అక్షరాలే స్టేషను పేరు. మొదటి రాత్రి వాయించినవాడు 77 ఏళ్ళ ముసలి ఫిడేలు వాద్యగాడు. 1927లో ఆ కచేరీకి గ్రాండ్ ఓల్ ఆప్రీ అని పేరు పెట్టారు. 2025లో దానికి నూరేళ్ళు నిండాయి. కచేరీ ఇంకా ఆగలేదు.

అదే 1927 వేసవిలో బ్రిస్టల్ అనే ఊళ్ళో ఒక గ్రామఫోను కంపెనీ మనిషి వచ్చి, పాడగలిగినవాళ్ళందరూ రండని కబురు పెట్టాడు. కొండల్లోంచి కార్టరు కుటుంబం కారు వేసుకుని వచ్చింది. అందులో సారా చంకలో పాలు తాగే పిల్లవాడు. మేబెల్‌కు అప్పటికి 18 ఏళ్ళే, ఏడో నెల దాటిన గర్భిణి. ఆ స్థితిలో కూచుని ఆమె వాయించిన గిటారు బాణీనే తరవాత దేశమంతా నేర్చుకుంది. ఆ ఇద్దరు ఇల్లాళ్ళ గొంతులు ఈ సంగీతానికి పునాది రాళ్ళంటే అతిశయోక్తి కాదు.

ఇంకో సంగతి. ఇది తెల్లవాళ్ళ సంగీతమని పేరు పడింది కానీ, ఇందులో వాడే బాంజో వాద్యం ఆఫ్రికానించి బానిసలుగా వచ్చినవాళ్ళ సొత్తు. ఆప్రీ కచేరీలో తొలినాళ్ళ పెద్ద ఆకర్షణ డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు. నోటితో వాయించే హార్మోనికా మీద రైలు పోతున్నట్టే వినిపించేవాడట. 1941లో అతన్ని తప్పించేశారు. కంట్రీ సంగీత ప్రముఖుల వరసలో అతని పేరు చేర్చడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. పల్లె అంటే ఎవరిది, దేశం అంటే ఎవరిది అన్న తగువు తొలిరోజులనించీ ఈ పాట వెనకాలే నడుస్తోంది, చూశారా.

సరే, పార్టీల మాట కొద్దాం. అమెరికాలో ముఖ్యమైన పార్టీలు రెండు, డెమోక్రాట్లు, రిపబ్లికన్లు. బానిసత్వం మీద జరిగిన అంతర్యుద్ధంలో, అంటే 1861 నించి 1865 దాకా, ఉత్తరాదిని నడిపిన లింకన్ రిపబ్లికన్. ఓడిపోయిన దక్షిణాది తెల్లవాళ్ళు ఆ కోపంతో తరతరాలుగా డెమోక్రాట్లకే ఓటు వేశారు. దానికి తోడు 1929 తరవాత పెద్ద ఆర్థికమాంద్యం వచ్చింది. పంటకు ధర లేదు, చేతికి పని లేదు. 1933లో అధ్యక్షుడైన రూజ్‌వెల్టు, ఆయన డెమోక్రాటు, టెనెసీ నది మీద ఆనకట్టలు కట్టించి పల్లెలకు కరెంటు రప్పించాడు. బుడ్డి దీపం కింద వండుకునే ఇల్లాలికి స్విచ్చి నొక్కితే వెలుగు వచ్చిందంటే, ఆ ఇల్లు ఎవరికి ఓటు వేస్తుందో వేరే చెప్పాలా?

అందుకని ఆనాటి పల్లెపాట, డెమోక్రాట్ల ఓటు, దేశభక్తి మూడూ ఒకే ఇంట్లో ఉండేవి. లూసియానాలో జిమ్మీ డేవిస్ అనే గాయకుడు 'యు ఆర్ మై సన్‌షైన్' పాట పాడుకుంటూ ఎన్నికల్లో తిరిగి 1944లో గవర్నరయ్యాడు. అతను డెమోక్రాటు. 1942లో, యుద్ధం రోజుల్లో, దేశాన్ని ఊపేసిన ఒక కంట్రీ పాటలో కాలు సరిగాలేని కొండప్రాంతం కుర్రవాడు, నన్ను కూడా దేశానికి ఉపయోగించుకోండని బతిమాలుకుంటాడు. ఇంకో తమాషా వినండి. కంట్రీ సంగీతానికి రాజు అని పేరుపడ్డ రాయ్ ఏకఫ్ 1948లో టెనెసీ గవర్నరు పదవికి రిపబ్లికన్‌గా నిలబడ్డాడు. సభలకు జనం వచ్చారు, పాటలు విన్నారు, ఇంటికి పోయి డెమోక్రాటుకే ఓటు వేశారు. రాజుగారు ఓడిపోయాడు.

మరి ఈ గీత ఎప్పుడు జరిగింది? 1964లో డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ నల్లజాతివారికి సమాన హక్కులిచ్చే చట్టం మీద సంతకం చేశాడు. దక్షిణాది తెల్లవాళ్ళలో చాలామందికి అది మింగుడుపడలేదు. వందేళ్ళుగా ఉన్న పార్టీని వదిలి కొత్త గుమ్మం వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఇది చెప్పకుండా దేశభక్తి కోసమే జనం పార్టీ మారారంటే సగం కథే చెప్పినట్టు.

అదే సమయంలో వియత్నాం యుద్ధం ముదిరింది. యువకులను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకునేవారు. కాలేజీలో చదివేవాళ్ళకు వాయిదా దొరికేది. చదువుకు డబ్బులేని పల్లె కుర్రవాడికి, కార్మికుడి కొడుక్కి ఆ వెసులుబాటు ఎక్కడిది? కాలేజీ పిల్లలు వీధిలో యుద్ధం వద్దని ఊరేగుతూంటే, కొడుకును యుద్ధానికి పంపిన తల్లికి అది తన బిడ్డనే అవమానించినట్టు తోచింది. యుద్ధం తప్పన్నవాళ్ళూ అబద్ధం చెప్పలేదు, కడుపుకోత పడ్డ తల్లీ అబద్ధం చెప్పలేదు. కానీ ఇద్దరి మధ్యా మాట పోయింది.

ఆ తల్లుల, భార్యల గొంతు మొదట పలికించింది లొరెట్టా లిన్. కెంటకీ రాష్ట్రంలో బొగ్గుగని కూలీ కూతురు. 15 ఏళ్ళకే పెళ్ళి, ఆ వెంటనే ఒకరి తరవాత ఒకరు నలుగురు పిల్లలు. భర్త కొనిచ్చిన 17 డాలర్ల గిటారు మీద తనంతట తనే వాయించడం నేర్చుకుంది. 1966లో 'డియర్ అంకుల్ శామ్' అనే పాట వెలువరించింది. అంకుల్ శామ్ అంటే అమెరికా ప్రభుత్వానికి వాడుక పేరు. యుద్ధానికి పోయిన భర్త కోసం ఒక ఇల్లాలు ప్రభుత్వానికి ఉత్తరం రాస్తుంది. దేశం మీద తనకు ప్రేమ లేక కాదు, కానీ తన మనిషి తనకు కావాలి. పాట చివర అతను తిరిగిరాడన్న తంతి వస్తుంది. ఇది యుద్ధానికి అనుకూలమా, వ్యతిరేకమా? ఏ పార్టీ పెట్టెలో పెడతారు దీన్ని?

తరవాత 1969లో మెర్ల్ హాగర్డ్ పాట 'ఓకీ ఫ్రమ్ మస్కోగీ' వచ్చింది. అతని తల్లిదండ్రులు కరువు రోజుల్లో ఓక్లహామానించి కాలిఫోర్నియాకు వలసపోయినవాళ్ళు. అలాంటివాళ్ళను అక్కడ 'ఓకీ'లని ఎగతాళి చేసేవారు. పాత రైలుపెట్టెను ఇల్లుగా మార్చుకుని కాపురం చేశారు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి పోయాడు, కుర్రవాడు దారి తప్పి జైలు పాలయ్యాడు. అలాంటివాడు, మేం మర్యాదగా బతికే చిన్న ఊరివాళ్ళం, జెండాను గౌరవించేవాళ్ళం అని పాడేసరికి, ఎగతాళి పడ్డ జనమంతా అది తమ పాటే అనుకున్నారు. నవ్వులాటకు మొదలుపెట్టానని ఒకసారి, మనసులో మాటే పాడానని ఇంకోసారి చెప్పాడతను. నల్లజాతి అమ్మాయిని ప్రేమించిన తెల్లవాడి గురించి కూడా అతనొక పాట రాశాడు. అది విడుదల చెయ్యవద్దని రికార్డు కంపెనీ వారించింది. 1972 దాకా అది బయటికి రాలేదు. ఒక పాటను జెండాలా ఎగరేసి, రెండోదాన్ని బీరువాలో పెట్టారు. అదండీ గీత గియ్యడమంటే.

అధ్యక్షుడు నిక్సన్, రిపబ్లికన్, ఈ సంగతి బాగా కనిపెట్టాడు. 1970 ఏప్రిల్‌లో జానీ క్యాష్‌ను తన శ్వేతభవనానికి పిలిపించి హాగర్డ్ పాటా, సర్కారు సాయం తీసుకునే పేదవాళ్ళను వెక్కిరించే ఇంకో పాటా పాడమని అడిగించాడు. క్యాష్ ఆ రెండూ పాడలేదు. కుర్రవాళ్ళు అడిగే ప్రశ్నలను పెద్దవాళ్ళు వినాలని చెప్పే తన పాట పాడి వచ్చాడు. అదే క్యాష్ నాలుగేళ్ళ తరవాత, చిరుగులు పడ్డ పాత జెండాను చూసి గర్వపడే పాట కూడా చేశాడు. ఆయన మట్టుకు ఆయనకు ఈ రెంటికీ వైరం కనిపించలేదు. 1974 మార్చి 16న ఆప్రీకి కొత్త భవనం కట్టినప్పుడు నిక్సనే వచ్చి వేదిక మీద పియానో వాయించాడు. ఆ రోజు ఆయన భార్య పాట్ పుట్టినరోజు కూడాను. అప్పటికే వాటర్‌గేట్ కుంభకోణం మెడకు చుట్టుకుని ఉంది. అయిదు నెలలు తిరక్కుండా పదవి వదులుకున్నాడు.

ఆ వెంటనే పల్లెపాట మొత్తం రిపబ్లికన్ల వైపు పోయిందా అంటే అదీ లేదు. 1976లో జార్జియా వేరుశనగ రైతు జిమ్మీ కార్టర్, డెమోక్రాటు, అధ్యక్ష పదవికి నిలబడితే చార్లీ డేనియల్స్ వంటివాళ్ళు కచేరీలు చేసి డబ్బు కూడబెట్టిచ్చారు. అదే డేనియల్స్ తరవాతి సంవత్సరాల్లో రిపబ్లికన్ల పక్షాన గట్టిగా మాట్లాడాడు. 1984లో లీ గ్రీన్‌వుడ్ పాడిన 'గాడ్ బ్లెస్ ది యు.ఎస్.ఎ.' ఆ ఏడే రీగన్ పక్షపు సభల్లో మోగింది. ఇప్పటికీ రిపబ్లికన్ సభల్లో మోగుతూనే ఉంది. 2000 ఎన్నికల్లో టెనెసీ వాడైన ఆల్ గోర్, డెమోక్రాటు, తన సొంత రాష్ట్రంలోనే ఓడిపోయాడు. 1948లో రాయ్ ఏకఫ్‌ను ఓడించిన రాష్ట్రం అదే. రెండు తరాల్లో గీత ఆ చివరినించి ఈ చివరికి వచ్చేసింది.

ఇక 2003 సంగతి. ఆడవాళ్ళుగా మనం తెలుసుకోవలసిన ఘట్టం ఇది. డిక్సీ చిక్స్ అని టెక్సాసుకు చెందిన ముగ్గురు స్త్రీల బృందం. ఆ జనవరిలో దేశమంతా చూసే ఫుట్‌బాల్ పోటీ సూపర్ బౌల్‌లో జాతీయగీతం పాడింది వాళ్ళే. మార్చి 10న లండన్ కచేరీలో నాటలీ మెయిన్స్, మా అధ్యక్షుడు బుష్ టెక్సాసువాడైనందుకు సిగ్గుపడుతున్నామంది. ఇంకో పది రోజులకు ఇరాక్ యుద్ధం మొదలైంది. అప్పుడు వాళ్ళ పాటే కంట్రీ పట్టికలో మొదటి స్థానంలో ఉంది. తమాషా ఏమిటంటే, ఆ పాట యుద్ధానికి పోయి తిరిగిరాని కుర్రవాడి కోసం ఏడ్చే ఒక అమ్మాయి కథ. లొరెట్టా పాటకు మనవరాలి వంటిది.

రోజుల్లో ఆ పాట రేడియోనించి మాయమైపోయింది. ఒక పెద్ద కంపెనీ తన కంట్రీ స్టేషన్లన్నిట్లోనూ వాళ్ళ పాటలు ఆపేసింది. రికార్డులు రోడ్డు మీద పోసి ట్రాక్టరుతో తొక్కించారు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. జనవరిలో జాతీయగీతం పాడిన గొంతులు మార్చికల్లా దేశద్రోహులవి ఎలా అయ్యాయో ఎవరూ అడగలేదు. కాదు, కొందరు అడిగారు. సెనేట్‌లో దీని మీద విచారణ జరిపిన జాన్ మెకెయిన్ రిపబ్లికనే. ఆ స్త్రీలను సమర్థించినవారిలో ఎవరున్నారనుకున్నారు? ఆ పాత మెర్ల్ హాగర్డే! అతను 2007లో ఒక స్త్రీని అధ్యక్షురాలిని చేద్దామని హిల్లరీ క్లింటన్ కోసం పాట కూడా కట్టాడు.

వాళ్ళకు ఎదురు నిలిచిన టోబీ కీత్ కథా మనం అనుకున్నంత సూటిగా లేదు. సైన్యంలో పనిచేసిన తన తండ్రి 2001 మార్చిలో ప్రమాదంలో పోయాడు. ఆ సెప్టెంబరులో న్యూయార్క్ భవనాలు కూలాయి. ఆ రెండు దుఃఖాలూ కలిసి కోపమై పాటగా వచ్చింది. దాన్ని యుద్ధగీతం చేసుకున్నారు జనం. అది పాడేనాటికి అతను డెమోక్రాట్ పార్టీలో నమోదైన మనిషి. 2008 దాకా అలాగే ఉన్నాడు.

చిక్స్‌కు 2007లో అయిదు గ్రామీ బహుమతులు వచ్చాయి. కానీ కంట్రీ రేడియో వాళ్ళను మళ్ళీ మునుపటిలా దగ్గరికి తియ్యలేదు. నాష్‌విల్‌లో పాడవచ్చిన ఆడపిల్లలందరికీ అదొక బెదిరింపు అయికూచుంది. మీ మనవరాళ్ళు పిచ్చిగా అభిమానించే టేలర్ స్విఫ్ట్ అప్పుడు 13 ఏళ్ళ పిల్ల. ఆమె కూడా కంట్రీ పాటలతో మొదలుపెట్టిందే. 'వాళ్ళలా మాట్లాడకు' అన్న హితబోధ వింటూ పెరిగానని తరవాత ఆమే చెప్పింది. 2018లో, టెనెసీ ఎన్నికల్లో నోరు విప్పి డెమోక్రాట్ అభ్యర్థికి ఓటు వేస్తానంది. అతను ఓడిపోయాడు. కానీ పదిహేనేళ్ళ మౌనం వీడింది.

నోరు నొక్కడం కొత్తదీ కాదు, యుద్ధం రోజులకే పరిమితమూ కాదు. 1975లో లొరెట్టా లిన్ సంతాన నిరోధక మాత్ర గురించి పాడితే చాలా స్టేషన్లు వెయ్యమన్నాయి. అయినా ఆడవాళ్ళు కొని విన్నారు. ఆమెకు 2013లో దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా. 2016లో ఆమె సమర్థించింది రిపబ్లికన్ ట్రంప్‌ను. రెండూ ఆవిడే. ఏ ఒక్క పెట్టెలోనూ ఆవిడ ఇమడదు.

ఈ నాలుగైదేళ్ళ సంగతీ చూడండి. డిక్సీ అన్న మాట బానిసత్వపు దక్షిణాదిని గుర్తుచేస్తుందని 2020లో చిక్స్ ఆ మాట తీసేశారు. 2023లో ఆలివర్ ఆంథొనీ అనే కొత్త గాయకుడు కూలి చాలని మనిషి గోడు పాడితే, ఆ పాటను రిపబ్లికన్ అభ్యర్థుల చర్చలో వేసి మీరేమంటారని అడిగారు. ఆ పాట రాసింది అక్కడ నిలుచున్నవాళ్ళలాంటి వాళ్ళ గురించే అన్నాడతను. 2024 ఆగస్టులో చికాగోలో జరిగిన డెమోక్రాట్ల మహాసభలో జాతీయగీతం పాడింది ఎవరు? ఆ చిక్స్ ముగ్గురే. టెక్సాసులో పుట్టిన నల్లజాతి గాయని బియాన్సే చేసిన కంట్రీ ఆల్బమ్‌కు 2025లో గ్రామీవారు ఏడాదికి మేటి ఆల్బమ్ అని బహుమతి ఇచ్చారు. డిఫోర్డ్ బెయిలీని తప్పించిన ఎనభై నాలుగేళ్ళకు!

ఇంత చెప్పడం ఎందుకంటే, దేశం మీద ప్రేమ ఒక పార్టీ ఇంటిపేరు కాదు కనుక. ఈ నూరేళ్ళలో పల్లెపాట చెప్పిన కథ పెద్దగా మారలేదు. పొట్టకూటికో యుద్ధానికో పోయినవాడు ఒకడు, గుమ్మంలో ఎదురుచూసే ఆవిడ ఒకతె. ఆ ఎదురుచూసే ఆవిడ 'వాణ్ణి ఎందుకు పంపారు?' అని ఒక్క మాట అడిగేసరికి ఆవిడ దేశభక్తి మీదే అనుమానం పుడుతుంది. తమ ఇంట్లోంచి ఒక్కరినీ పంపనివాళ్ళు కూడా ఆవిడకు పాఠం చెప్పడానికి వస్తారు. తాతల కాలంలో ఆ పాఠం ఒక పార్టీ చెప్పింది, మనవల కాలంలో ఇంకొకటి చెప్పింది. వినవలసింది మాత్రం ఎప్పుడూ ఆవిడే అయింది.

ఈసారి పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు, కారులో ఆ పాట వస్తే కట్టెయ్యమనకండి. పాడేది ఎవరు, ఎవరి కోసం పాడుతున్నారు, ఆ ఇంట్లో ఎవరు మిగిలారు అని ఒక్కసారి అడిగి చెప్పించుకోండి. ఏ పార్టీ పాట అన్నది ఆ తరవాత చూసుకోవచ్చు. ఏమంటారు?